ఒక్కనాటి రెక్కలు – యుగాల వంశచరిత్ర

ఉద్దేశం : ఒక గ్రంథానికి దొరికిన పలు ప్రతులను పోల్చి వాటి మాతృకను ఊహించే పండితుని పని, ప్రాణుల కణాలలోని జన్యులిపిని పోల్చి వాటి పూర్వులను ఊహించే శాస్త్రజ్ఞుని పని ఒకే పద్ధతిలో సాగుతాయి. మేఫ్లై అనే అల్పాయుష్కమైన కీటకాన్ని ఆధారంగా చేసుకుని ఆ పద్ధతికి గల బలాన్నీ, హద్దునూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

తొలకరి జల్లు కురిసిన సాయంకాలం పుట్టల నుండి వెలువడి దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళను మనమందరం చూచినవారమే. తెల్లవారేసరికి అరుగుల మీద రాలిన రెక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. క్షణభంగురమైన జీవితానికి ఉపమానం కావలసి వచ్చినప్పుడు మన కవులు దీపాన పడే శలభాన్ని తలచుకోవడం పరిపాటి. అయితే ఉసిళ్ళు చెదపురుగుల కులానికి చెందినవి. రెక్కలు రాలిన తరువాత వాటిలో బ్రతికి బయటపడిన కొన్ని జంటలు మరల నేలలోకి చేరి, కొత్త పుట్టకు రాజూ రాణీ అయి ఏళ్ల తరబడి జీవిస్తాయి. కనుక అల్పాయుష్షుకు అవి సరియైన దృష్టాంతం కావు. ఆ పేరుకు నిజంగా తగిన కీటకం మరొకటి ఉన్నది. అది మేఫ్లై. మన వాగులలోను, చెరువులలోను కూడా అది నివసిస్తున్నది.

శాస్త్రజ్ఞులు ఈ కీటకాలు చేరిన క్రమానికి ‘ఎఫిమెరోప్టెరా’ అని పేరు పెట్టారు. ఒక్కరోజు మాత్రమే నిలిచేది అని అర్థమిచ్చే గ్రీకు పదానికి, రెక్క అని అర్థమిచ్చే మరొక పదం చేరి ఈ పేరు ఏర్పడినది. ‘ఏకాహపక్షం’ అని మనం సంస్కృతంలో సమాసం చేసుకుంటే సరిగ్గా సరిపోతుంది. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దిలోనే అరిస్టాటిల్ దీనిని గుర్తించాడు. హైపానిస్ నదిలో వేసవి నడిమి కాలంలో ద్రాక్షపండ్లకంటె పెద్దవైన తిత్తులు కొట్టుకువస్తాయనీ, వాటి నుండి రెక్కలున్న ఒక ప్రాణి వెలువడి సాయంకాలం వరకు ఎగిరి సూర్యాస్తమయంతో మరణిస్తుందనీ ఆయన తన జంతుశాస్త్ర గ్రంథంలో వ్రాశాడు. దానికి నాలుగే కాళ్లున్నాయని కూడా వ్రాశాడు. నిజానికి కీటకాలన్నిటివలె దీనికీ ఆరు కాళ్లే. వాలినప్పుడు ముందరి కాళ్ల జంటను చాచి పట్టుకునే అలవాటు దీనికి ఉన్నది. ఆ తత్త్వవేత్త పొరబడడానికి అదే కారణమై ఉండవచ్చు. 1675లో హాలెండు దేశీయుడైన యాన్ స్వామర్‌డామ్ ఈ ఒక్క కీటకం మీదనే ఒక పుస్తకం ప్రకటించి, దాని శరీర నిర్మాణాన్ని చక్కగా వర్ణించాడు.

ఒక్కనాటి జీవితమనే మాట ప్రౌఢదశకు మాత్రమే చెల్లుతుంది. గ్రుడ్డు నుండి వెలువడిన శాబకం నీటి అడుగున నెలల తరబడి, కొన్ని జాతులలో రెండేళ్ల వరకు, నాచును, కుళ్లిన ఆకులను తింటూ పెరుగుతుంది. ఉదరానికి ఇరువైపుల ఉండే మొప్పలతో శ్వాసిస్తుంది. పలుమార్లు కుబుసం విడుస్తుంది. తుదకు నీటి పైకి వచ్చి రెక్కలు విప్పుతుంది. ఇక్కడ ఒక వింత ఉన్నది. రెక్కలు వచ్చిన తరువాత మరల కుబుసం విడిచే కీటకం నేడు ప్రపంచంలో మేఫ్లై ఒక్కటే. మసకబారిన రెక్కలతో ఉండే ఆ నడిమి దశ కొన్ని నిమిషాల నుండి ఒకటి రెండు దినాల వరకు ఉంటుంది. తరువాత వచ్చే ప్రౌఢదశలో నోటి అవయవాలు పనికిరావు. తిండి లేదు. జత కూడడం, గ్రుడ్లు పెట్టడం, మరణించడం, ఇంతే దాని కార్యక్రమం. అమెరికాలో ఉండే డొలానియా అనే జాతిలో ఆడకీటకం రెక్కల జీవితం అయిదు నిమిషాలైనా ఉండదు. దీనికి భిన్నంగా క్లోయియన్ అనే ప్రజాతిలోని ఒక జాతి ఆడకీటకం గ్రుడ్లను కడుపులోనే దాచుకుని రెండు వారాల వరకు బ్రతుకగలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు దీనితో పని ఉన్నది.

హంగరీ దేశపు టీసా నది మీద ఈ కీటకాలు వేసవిలో లక్షలాదిగా లేచే దృశ్యాన్ని అక్కడి వారు ‘టీసా పూత’ అని పిలుచుకుంటారు. నది పూచిందనడం ఎంత అందమైన ఊహ! అమెరికాలో మిసిసిపీ నది మీద 2014 జూలై 20వ తేదీ సాయంత్రం లేచిన గుంపు వాతావరణ శాఖవారి రాడారు తెర మీద వానమేఘంవలె కనిపించినది.

ఇంత అల్పాయుష్షు గల కీటకపు వంశచరిత్రతో మనకేమి పని అని అడుగవచ్చు. ఆకాశంలోకి ఎగరడం మొట్టమొదట నేర్చిన ప్రాణులు కీటకాలు. పక్షికి, గబ్బిలానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందే అవి రెక్కలు విప్పాయి. ఆ తొలి రెక్కల రూపానికి దగ్గరి పోలికలు నేటికీ నిలుపుకున్నవి రెండే కులాలు: మేఫ్లైలు, తూనీగలు. ఈగ, తేనెటీగ, బొద్దింక మొదలైన తక్కిన కీటకాలకు రెక్కలను వెనుకకు మడిచి వీపు మీద పరచుకునే కీలు ఉన్నది. ఈ రెండు కులాలకు అది లేదు. తూనీగ రెక్కలు చాచి కూర్చోవడం మీరు చూచే ఉంటారు. మేఫ్లై రెక్కలను చేతులు జోడించినట్లు పైకెత్తి పట్టుకుంటుంది. మేఫ్లైల పూర్వుల శిలాజాలు సుమారు 30 కోట్ల ఏళ్లనాటి రాళ్లలో దొరికాయి. ఈ రెండింటిలో మూలపురుషునికి ఎవరు దగ్గర? లేక రెండూ ఒక తల్లి బిడ్డలేనా? రెక్క ఎట్లా పుట్టినదనే ప్రశ్నకు సమాధానం ఈ బంధుత్వం తేలిన తరువాతనే లభిస్తుంది.

బంధుత్వాన్ని పోలికలను బట్టి నిర్ణయించడం పాత పద్ధతి. రూపం మోసం చేయడం లోకంలో ఉన్నదే. కొన్ని మేఫ్లై శాబకాలు చిన్న చేపపిల్లవలె సన్నగా ఉండి చురుకుగా ఈదుతాయి. కొన్ని బల్లపరుపుగా ఉండి ప్రవాహంలోని రాళ్లను కరచుకుని ఉంటాయి. కొన్ని దవడలకు ముందు దంతాలవంటివి మొలిపించుకుని బురదను తవ్వుకుంటాయి. చేపవంటి వాటినన్నిటిని ఒక శాఖగా కొందరు వర్గీకరించారు. కాని ఒకే వృత్తి చేసేవారంతా ఒకే ఇంటి వారు కానట్లు, ఒకే విధమైన నీటిలో బ్రతికేవన్నీ ఒకే వంశంవి కానక్కరలేదు. వృత్తి రూపాన్ని దిద్దుతుంది. రూపం చాటున ఉన్న వంశాన్ని చదవడానికి మరొక లిపి కావలసి వచ్చినది.

ఆ లిపి కణంలో ఉన్నది. కణకేంద్రకంలో ఉండే డి.ఎన్.ఏ. గురించి మీరు విన్నారు. కేంద్రకం వెలుపల, కణద్రవ్యంలో, మైటోకాండ్రియా అనే సూక్ష్మాంగాలున్నాయి. తిన్న ఆహారాన్ని కణానికి పనికివచ్చే శక్తిగా మార్చడం వీటి విధి. ఆ శక్తిని మోసే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు కావడం మనకు గర్వకారణం. ఈ మైటోకాండ్రియాకు సొంతమైన చిన్న డి.ఎన్.ఏ. ఉన్నదని 1963లో నాస్ దంపతులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని సహాయంతో చూపించారు. ఒకప్పుడు స్వతంత్రంగా బ్రతికిన బాక్టీరియా వేరొక కణంలో చేరి, అతిథిగా వచ్చి ఇంటివాడైనట్లు స్థిరపడి మైటోకాండ్రియాగా మారినదనే సిద్ధాంతాన్ని 1967లో లిన్ మార్గులిస్ బలపరచినది. సొంత డి.ఎన్.ఏ. ఆ పూర్వ స్వాతంత్ర్యానికి మిగిలిన ఆనవాలు.

ఈ డి.ఎన్.ఏ. వలయాకారంలో ఉంటుంది. మానవునిలో దాని పొడవు 16,569 అక్షరాలు. 1981లో దానిని పూర్తిగా చదివారు. కీటకాలలో కూడా సాధారణంగా 15 వేల నుండి 16 వేల వరకు ఉంటుంది. కేంద్రకంలోని కోట్లాది అక్షరాలతో పోలిస్తే ఇది ఒక చిన్న శతకం. ఇక్కడ అక్షరాలంటే అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్ అనే నాలుగు క్షారాలు. ఈ వలయంలో సాధారణంగా 37 జన్యువులున్నాయి. వాటిలో 13 ప్రోటీన్లను తయారుచేయడానికి, తక్కిన 24 ఆ తయారీకి తోడ్పడే ఆర్.ఎన్.ఏ.ల కొరకు. ఒక్కొక్క కణంలో దీని ప్రతులు వందలు, వేలు ఉంటాయి గనుక పాతబడిన నమూనాల నుండి కూడా దీనిని రాబట్టడం సులభం. అన్నిటికంటె ముఖ్యమైన లక్షణం మరొకటి ఉన్నది. కొద్ది మినహాయింపులు తప్ప, జంతువులలో ఇది తల్లి నుండి మాత్రమే బిడ్డకు సంక్రమిస్తుంది. తండ్రి ప్రతి దీనిలో కలవదు.

తాళపత్ర ప్రతులతో పరిచయం ఉన్నవారికి ఈ మాట వినగానే ప్రాణం లేచివస్తుంది. ఎందుకో చెబుతాను.

అచ్చుయంత్రం రాని రోజులలో గ్రంథాలు ఘంటంతో తాటాకుల మీద ప్రతులుగా వ్యాపించేవి. లేఖకుడు ఎంత జాగ్రత్తపడినా కొన్ని తప్పులు దొర్లేవి. ‘ధ’ వ్రాయవలసిన చోట ‘థ’, ‘వ’ వ్రాయవలసిన చోట ‘ప’ పడేది. ఒకే పదం రెండు పంక్తులలో వస్తే కన్ను జారి నడిమి పంక్తి పోయేది. ఆ ప్రతిని చూచి వ్రాసిన తరువాతి లేఖకుడు ఆ తప్పును యథాతథంగా దించి, తన తప్పులు కొన్ని చేర్చేవాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో ప్రచురించడానికి ముందు పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి పోల్చి చూచాడు. ఆ పని చేసిన పరిష్కర్తలందరికీ తెలిసిన సూత్రం ఒకటున్నది. రెండు ప్రతులలో సరియైన పాఠం ఒకే విధంగా ఉండడం వాటి దగ్గరి చుట్టరికాన్ని నిరూపించదు. సరియైన పాఠం అందరికీ మూలం నుండి వచ్చినదే కదా! రెండింటిలో ఒకే తప్పు ఉంటే, ఆ తప్పున్న మాతృక ఒకటి వాటికి ఉమ్మడిగా ఉండి ఉండాలి. పందొమ్మిదవ శతాబ్దిలో జర్మన్ పండితుడు కార్ల్ లాఖ్‌మన్ పేరుతో ఈ పద్ధతి ప్రసిద్ధి పొందినది. అదే జర్మనీలో విల్లీ హెన్నిగ్ అనే కీటకశాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించిన గ్రంథంలో ప్రాణుల విషయంలో ఇంచుమించు ఇదే సూత్రం చెప్పాడు: పూర్వులందరి నుండి వచ్చిన పాత లక్షణాలు దగ్గరి బంధుత్వానికి సాక్ష్యం కావు, కొత్తగా పుట్టి పంచుకున్న లక్షణాలే సాక్ష్యం.

డి.ఎన్.ఏ. తనను తాను ప్రతి తీసుకునేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం మారుతుంది. దానినే ఉత్పరివర్తనం అంటారు. అది లేఖకదోషం వంటిదే. ప్రతుల పరిష్కర్తకు పెద్ద తలనొప్పి ఏమిటంటే, కొందరు లేఖకులు రెండు మూడు ప్రతులను ముందు పెట్టుకుని, దీని నుండి కొంత, దాని నుండి కొంత ఏరి వ్రాస్తారు. అప్పుడు వంశవృక్షం చిక్కుపడిన నూలు అవుతుంది. కేంద్రకంలోని డి.ఎన్.ఏ.లో తల్లిదండ్రుల పాఠాలు తరతరానికీ ఇట్లాగే కలుస్తాయి. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. మాత్రం ఒకే మాతృకను ముందుంచుకుని వ్రాసిన ప్రతి. తల్లికి తల్లి, ఆమెకు తల్లి, అట్లా ఒకే త్రోవలో వెనుకకు పోవచ్చు. మాతృక అనే మాటలోనే మాతృశబ్దం ఉండడం ఇక్కడ ఎంత చక్కగా కుదిరినదో చూడండి.

ప్రయోగశాలలో జరిగే పనిని సంగ్రహంగా చెప్పుకుందాం. కీటకపు ఒక కాలు చాలు. దానిలోని డి.ఎన్.ఏ.ను వేరుచేసి, కావలసిన భాగాన్ని పి.సి.ఆర్. అనే ప్రక్రియతో కోట్ల ప్రతులుగా పెంచుతారు. యంత్రం ఆ అక్షరాల వరుసను చదువుతుంది. అనేక జాతుల వరుసలను ఒకదాని క్రింద ఒకటి, అక్షరానికి అక్షరం సరిపడేటట్లు పేర్చుతారు. ఆ పట్టికను బట్టి, ఏ వంశవృక్షమైతే ఈ మార్పులను మేలైన రీతిలో వివరించగలదో గణకయంత్రం లెక్కకడుతుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి అనే జన్యువును ఇట్లాగే చదివి, వేటగాళ్ల వద్ద దొరికిన మాంసం, చర్మం ఏ జంతువువో చెప్పే పద్ధతిని 2003లో ప్రకటించారు.

అదే 2003లో కెనడాకు చెందిన పాల్ హెబర్ట్ బృందం మరొక మైటోకాండ్రియా జన్యువును ఎన్నుకున్నది. దాని పేరు సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఒకటి. అందులో సుమారు 650 అక్షరాల భాగం జంతుజాతులకు గుర్తింపు ముద్రగా పనిచేస్తుందని వారు ప్రతిపాదించారు. దుకాణంలో వస్తువుల మీద ఉండే గీతల ముద్రను తలచి దీనికి బార్‌కోడ్ అని పేరు వచ్చినది. ఈ పద్ధతిని 2005లో ఉత్తర అమెరికా మేఫ్లైల మీద పరీక్షించారు. 80 జాతుల వరుసలను ముందుగా సిద్ధం చేసుకుని, తరువాత మరి 70 కీటకాలను వాటితో పోల్చగా 69 తమ జాతి వద్దకే చేరాయి. ఒకే జాతిలోని కీటకాల మధ్య భేదం సగటున 1 శాతం. ఒకే ప్రజాతిలోని వేర్వేరు జాతుల మధ్య అది సగటున 18 శాతం. అంటే 650 అక్షరాలలో ఆరేడు తేడాలుంటే తోబుట్టువులు, నూటికి పైగా తేడాలుంటే పరాయివారు. మూడు చోట్ల మాత్రం ఒకే జాతి అని అంతవరకు అనుకున్న వాటి నడుమ పెద్ద భేదం కనిపించినది. ఒకే పేరు క్రింద రెండు జాతులు దాగి ఉన్నాయేమోనని మరల పరిశీలించవలసి వచ్చినది.

ఈ గుర్తింపు ఎవరికి కావాలి? నీటికి కావాలి. మేఫ్లై శాబకాలలో చాలామట్టుకు ప్రాణవాయువు తగ్గినా, విషం చేరినా ఓర్వలేవు. అందుచేత ఒక ఏటి ఆరోగ్యాన్ని కొలవడానికి వాటిని లెక్కిస్తారు. అమెరికాలోని ఈరీ సరస్సు పశ్చిమ భాగంలో 1953లో అడుగున ప్రాణవాయువు కొరవడి మేఫ్లైలు దాదాపుగా అంతరించాయి. కాలుష్యాన్ని అదుపుచేసిన తరువాత, 1990ల ఆరంభంలో గాని అవి మరల కనిపించలేదు. అయితే అన్ని జాతులూ ఒకే విధంగా సుకుమారమైనవి కావు. ఏ జాతి ఉన్నదో, ఏది పోయినదో తెలియాలి. శాస్త్రజ్ఞులు జాతులకు పేర్లు పెట్టినది తరచుగా రెక్కల మగకీటకాలను చూచి. నీటిలో దొరికేది శాబకం. రెండింటికీ రూపంలో పొంతన ఉండదు. ఈ శాబకం ఆ కీటకపు బిడ్డే అని చెప్పగల సాక్షి వాటి కణాలలోని అక్షరాల వరుస.

ఇక సముద్రాన్ని దాటిన కథ. మడగాస్కర్ ద్వీపం ఆఫ్రికా నుండి సుమారు 16 కోట్ల ఏళ్ల క్రితం విడిపోయినది. అప్పుడు మన దక్షిణ భారత భూభాగం దానికి అంటుకునే ఉన్నది, సుమారు 8.8 కోట్ల ఏళ్ల క్రితం అది మడగాస్కర్ను వదలి ఉత్తరానికి కదలినది. మడగాస్కర్‌లోను, ఆఫ్రికాలోను బేటిడే అనే కుటుంబపు మేఫ్లైలున్నాయి. శాబకం మంచినీటిని విడిచి బ్రతుకలేదు. ప్రౌఢకీటకం ఒకటి రెండు దినాల అతిథి. నడుమ కనీసం 400 కిలోమీటర్ల ఉప్పునీరు. కనుక ఇవి సముద్రం దాటలేవనీ, భూమి విడిపోయినప్పుడే పడవ మీద కూర్చున్న ప్రయాణికులవలె విడిపోయాయనీ చాలామంది భావించారు. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఊహ అది.

2005లో మైకేల్ మోనగన్, జాన్-లూక్ గట్టోలియా మొదలైనవారు ఈ ఊహను జన్యువులతో పరీక్షించారు. ద్వీపపు కీటకాల నుండి, ఆఫ్రికా కీటకాల నుండి మైటోకాండ్రియా జన్యువులను, తోడుగా ఒక కేంద్రక జన్యువును చదివి పోల్చారు. విడిపోయినది 16 కోట్ల ఏళ్ల క్రితమైతే అక్షరభేదాలు అపారంగా ఉండాలి. కొన్ని వంశాలలో భేదం చాలా స్వల్పమని తేలినది. ద్వీపం విడిపోయిన ఎంతో కాలానికి ఆ కీటకాలు వేరుపడ్డాయన్న మాట. అంటే అవి సముద్రాన్ని దాటాయి! ఒక్కసారి కాదు, పలుమార్లు దాటాయి. ద్వీపంలోనే పుట్టి శాఖోపశాఖలుగా విస్తరించిన వంశాలు కూడా వాటి సరసన ఉన్నాయి. గాలివాటున కొట్టుకుపోయే ఈ బలహీనపు రెక్కలు అంత దూరం ఎట్లా చేరగలిగాయని ఆశ్చర్యపడేవారు, కడుపులో గ్రుడ్లు దాచుకుని రెండు వారాలు బ్రతికే క్లోయియన్ కీటకాన్ని ఒకసారి తలచుకోవాలి. అది కూడా ఈ బేటిడే కుటుంబానిదే.

భేదాలను కాలంగా మార్చే ఈ లెక్కకు అణుగడియారం అని పేరు. 1994లో ఆండ్రూ బ్రోవర్ కీటకాలలో రెండు వంశాలు విడిపోయిన తరువాత వాటి మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ల మధ్య 10 లక్షల ఏళ్లకు సుమారు 2.3 శాతం భేదం ఏర్పడుతుందని లెక్కకట్టాడు. తరువాతి పరిశోధకులెందరో దీనిని కొలబద్దగా వాడుకున్నారు. విద్యార్థులు దీనితో ఒక లెక్క చేసి చూడాలి. 16 కోట్ల ఏళ్లంటే 160 పది లక్షలు. 160ని 2.3తో హెచ్చిస్తే 368 శాతం వస్తుంది. నూటికి 368 అక్షరాలు మారడం ఎట్లా సాధ్యం? లెక్క తప్పలేదు, గడియారపు పరిమితి బయటపడినది. చాలా కాలం గడచినప్పుడు ఒకసారి మారిన అక్షరమే మరల మరల మారుతుంది. ఒక్కొక్కప్పుడు తిరిగి మొదటి అక్షరమే అవుతుంది. ఉన్నవి నాలుగే అక్షరాలు గనుక, ఏ చుట్టరికం లేని రెండు వరుసలలో కూడా నూటికి 25 చోట్ల కాకతాళీయంగా పోలిక ఉంటుంది. అంటే కంటికి కనిపించే భేదం 75 శాతం దాటి పెరగడానికి వీలు లేదు. పైగా కీటకాల మైటోకాండ్రియాలో అడినిన్, థైమిన్‌లదే రాజ్యం కావడం వలన ఆ కాకతాళీయపు పోలిక మరింత ఎక్కువ. పలుమార్లు చెరిపి వ్రాసిన పలక మీద మొదటి వ్రాత చదువలేనట్లే ఇది. మడగాస్కర్ కథలో ఈ లోపం అడ్డురాలేదు. ఎందుకంటే అక్కడ తేలినది భేదం తక్కువగా ఉన్నదని. తక్కువ భేదాన్ని నమ్మవచ్చు. ఎక్కువ భేదం ఎంత ఎక్కువో చెప్పడమే కష్టం.

ఇప్పుడు తూనీగ, మేఫ్లైల ప్రశ్నకు తిరిగి వద్దాం. మూడు సమాధానాలకు అవకాశం ఉన్నది. మేఫ్లైలు అన్నిటికంటె ముందు వేరుపడి ఉండవచ్చు. తూనీగలు ముందు వేరుపడి ఉండవచ్చు. లేదా ఆ రెండూ తోబుట్టువులై, తక్కిన కీటకాలన్నీ మరొక శాఖ కావచ్చు. 2008లో చైనా పరిశోధకులు పారాఫ్రోన్యూరస్ అనే మేఫ్లై మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను ఆసాంతం చదివి, మేఫ్లైలే ముందు వేరుపడినాయని తేల్చారు. 2010లో తైవాన్ పరిశోధకులు ఒక తూనీగ జాతి మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను ఆసాంతం చదివి, తూనీగలే ముందు వేరుపడినాయని తేల్చారు. రెండు వ్యాసాలూ వెలువడినది ఒకే పత్రికలో. రెండింటి ఆధారమూ ఒకే రకపు డి.ఎన్.ఏ.! సాహిత్య చరిత్రలో కవుల కాలనిర్ణయ వివాదాలు చదివినవారికి ఇది కొత్త అనుభవం కాదు.

దీనిని చూచి శాస్త్రాన్ని శంకించే తొందర పనికిరాదు. సాక్షి అబద్ధమాడలేదు, అడిగిన ప్రశ్న ఆ సాక్షి జ్ఞాపకశక్తికి మించినది. మొదటి రెక్కలు దాదాపు 40 కోట్ల ఏళ్లనాటివి. ఆ మూడు శాఖలూ స్వల్పకాలంలో వేరుపడి, ఆ తరువాత సుదీర్ఘకాలం విడివిడిగా నడిచాయి. ఆ స్వల్పకాలంలో పుట్టిన ఉమ్మడి తప్పులు కొద్ది. తరువాత వాటి మీద పేరుకున్నవి అనేకం. ఇటువంటి స్థితిలో మార్పులు ఎక్కువగా పొందిన రెండు శాఖలు చుట్టరికం లేకున్నా యాదృచ్ఛికమైన పోలికల వలన దగ్గరివిగా కనిపిస్తాయని జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ 1978లోనే గణితంతో నిరూపించాడు. ఇద్దరు లేఖకులు ఒకరినొకరు ఎరుగకుండానే ‘ధ’కు ‘థ’ వ్రాయగలరు. దానిని పట్టుకుని ఇద్దరి ప్రతులకూ ఒకే మాతృక ఉన్నదని పరిష్కర్త వ్రాస్తే పొరబాటే కదా.

మరొక లోపం కూడా చెప్పాలి. 37 జన్యువులున్నా అవన్నీ ఒకే వలయంలో కలిసి ప్రయాణం చేస్తాయి గనుక, వంశచరిత్ర విషయంలో అవి 37గురు సాక్షులు కారు, ఒక్కరే. పైగా ఆ సాక్షి చెప్పేది తల్లుల చరిత్ర మాత్రమే. రెండు జాతులు ఎప్పుడో సంకరమైతే, ఒక జాతి శరీరంలో మరొక జాతి మైటోకాండ్రియా నిలిచిపోవచ్చు. అదీగాక మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ముక్కలు కొన్ని కేంద్రకంలోకి చేరి, అక్కడ పనిలేని నకళ్లుగా మిగిలిపోతాయి. అజాగ్రత్తగా ఉంటే యంత్రం ఆ నకలునే చదివి అసలుగా అప్పగిస్తుంది.

అక్షరాలు మోసం చేసినప్పుడు అరుదైన తప్పులను వెదకడం పరిష్కర్తల నేర్పు. ఒక ప్రతిలో ఒక పద్యం రెండుసార్లు వ్రాయబడి ఉండి, మరొక ప్రతిలోనూ అదే పద్యం అదే చోట రెండుసార్లు ఉంటే, అది యాదృచ్ఛికమని ఎవరూ అనరు. 2008లో చదివిన ఆ పారాఫ్రోన్యూరస్ డి.ఎన్.ఏ.లో సరిగ్గా ఇటువంటి గుర్తు దొరికినది. 37 జన్యువులకు బదులు 38 ఉన్నాయి. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే ఆర్.ఎన్.ఏ. జన్యువు రెండుసార్లు ఉన్నది. తరువాత అదే హెప్టజీనిడే కుటుంబానికి చెందిన మరికొన్ని జాతులను చదువగా, ఆ రెండవ ప్రతి వాటిలోనూ అదే చోట కనిపించినది. ప్రవాహంలో రాళ్లను కరచుకుని ఉండే ఆ బల్లపరుపు శాబకాల కులానికి అది ఇంటిపేరువంటిది. నా దృష్టిలో, వేల అక్షరాల గణాంకం కంటె ఇటువంటి ఒక్క గుర్తు మనసుకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. కాని అన్ని కొమ్మల వద్దా ఇటువంటి గుర్తులు లభించవు.

రెండవ ఉపాయం సాక్షుల సంఖ్యను పెంచడం. 2005లో ఆగ్డెన్, వైటింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు రెండు మైటోకాండ్రియా జన్యువులకు మూడు కేంద్రక జన్యువులను జోడించి మేఫ్లైల వంశవృక్షాన్ని గీశారు. చేపవంటి శాబకాలన్నీ ఒకే శాఖ కావని అప్పుడు తేలినది. వాటిలో ఒకటైన బేటిడే కుటుంబం ఆ చెట్టులో అడుగుకొమ్మగా నిలిచినది. 2009లో శరీరలక్షణాలను కూడా కలిపి మరల గీయగా, చైనాలో దొరికే సిఫ్లురిస్కస్ అనే ప్రజాతి ఆ అడుగుకొమ్మ స్థానానికి వచ్చి, తక్కిన మేఫ్లైలన్నిటికీ దూరపు బంధువుగా నిలిచినది. నాలుగేళ్లలో అడుగుకొమ్మ మారినదని నవ్వకూడదు. కొత్త తాళపత్రం దొరికినప్పుడు పాత పరిష్కరణను సవరించుకోవడం పండితునికి చిన్నతనం కాదు.

2014లో బెర్న్‌హార్డ్ మిసోఫ్ నాయకత్వంలో నూరుమందికి పైగా శాస్త్రజ్ఞులు 1,478 కేంద్రక జన్యువులను పోల్చి కీటకాల వంశవృక్షాన్ని ప్రకటించారు. కీటకాలు సుమారు 47.9 కోట్ల ఏళ్ల క్రితం పుట్టాయనీ, రెక్కలు సుమారు 40.6 కోట్ల ఏళ్ల క్రితం వచ్చాయనీ అందులో లెక్కకట్టారు. ఆ చెట్టులో మేఫ్లైలు, తూనీగలు తోబుట్టువులుగా ఒకే కొమ్మ మీద ఉన్నాయి. పలు ఇతర కొమ్మలు దృఢంగా తేలినా, ఈ కొమ్మకు గట్టి బలం చేకూరలేదు. అదే దత్తాంశాన్ని సబ్రీనా సైమన్ మొదలైన ముగ్గురు 2018లో మరల పరీక్షించి, కీటకాలు ఎగరడం నేర్చిన తీరు ఇంకా మరుగుననే ఉన్నదని తమ వ్యాసం శీర్షికలోనే ప్రకటించారు. 2020లో క్లోయియన్ మేఫ్లై కేంద్రక డి.ఎన్.ఏ. పూర్తి పాఠం వెలువడినది. నీటిలో శాబకానికి మొప్పలుగా ఉన్న అవయవాలకూ, రెక్కలకూ గల సంబంధాన్ని ఆ పాఠంలో ఇప్పుడు వెదకుతున్నారు.

అభ్యాసం

1. రెండు ప్రతులలోని సరియైన పాఠం కంటె, ఉమ్మడి తప్పు బంధుత్వానికి మేలైన సాక్ష్యం ఎందుకు? ప్రాణుల విషయంలో ఈ సూత్రాన్ని అన్వయించి వ్రాయండి.

2. ఒకే ప్రజాతికి చెందిన రెండు జాతుల 650 అక్షరాల భాగంలో 78 తేడాలున్నాయి. భేదం ఎంత శాతం? బ్రోవర్ లెక్క ప్రకారం అవి ఎంతకాలం క్రితం విడిపోయి ఉంటాయి?

3. మడగాస్కర్ కీటకాల విషయంలో మైటోకాండ్రియా సాక్ష్యాన్ని నమ్మి, తూనీగ–మేఫ్లైల విషయంలో సందేహించడానికి కారణమేమి?

4. ‘అవి 37గురు సాక్షులు కారు, ఒక్కరే’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.